ఆవాజ్ మనది, హక్కు ఎవరిది?



"మామూ, ఈ కాగితం ఒకసారి చూడండి. రేపటిలోగా దస్తఖత్ చేసి పంపమంటున్నారు."

ఇషా నమాజు అయ్యాక మా ఆపా కొడుకు ఫోన్ చేశాడు. వాడు హైదరాబాద్ టోలిచౌకీలో ఉంటాడు. పగలు ఒక ఆఫీసులో లెక్కలు రాస్తాడు. రాత్రి గదికి నాలుగు పక్కలా దుప్పట్లు వేలాడదీసుకుని పాటలు రికార్డు చేస్తాడు. వాడి దాదా నంద్యాల వైపు పల్లెలో పీర్ల చావిడి దగ్గర పాడేవారు. ఆ ధున్ పట్టుకుని, దానికి దక్కనీలో సొంతంగా మాటలు రాసుకుని, దోస్త్ చేత ఢోలక్ వాయించి రెండేళ్ళ కింద నెట్‌లో పెట్టాడు. ఇప్పుడు ఒక వెబ్ సిరీస్ వాళ్ళకి అది నచ్చింది. ఒక సీన్‌లో వేసుకుంటాం, 20 వేలు ఇస్తాం అన్నారు. ఏడు పేజీల కాగితం పంపారు.

చదివాను. ఆరు పేజీల సారాంశం ఒక్క ముక్కే. ఈ పాట మీద ఉన్న అన్ని హక్కులూ, అన్ని మాధ్యమాల్లోనూ, దునియా మొత్తానికీ, ఎప్పటికీ కంపెనీవే. పాడినవాడి పేరు వేయాలా వద్దా అన్నదీ కంపెనీ ఇష్టమే.

పక్కనుంచి దుల్హాభాయ్ గొంతు వినిపించింది. "ఇంకా ఏం చూస్తారు భాయ్? షాదీల్లో రాత్రంతా పాడినా ఐదొందలు చేతిలో పెట్టి పంపుతారు. ఇరవై వేలంటే తక్కువా? ఇంటి పైకప్పు కారుతోంది." ఆయన మాటలో తప్పు లేదు. కారే పైకప్పు కింద కూర్చున్నవాడికి హక్కుల మీద తఖ్రీర్ ఇవ్వడం సులువైన పని కాదు.

నేను వకీలుని కాను. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో రాసి బతికేవాణ్ణి. అందుకని వాడికి సలహా చెప్పే ముందు ఒక ఖిస్సా చెప్పాను. నూటపాతికేళ్ళ ఖిస్సా. మన ఇళ్ళల్లో పాడే పిల్లలు, రాసే పిల్లలు చాలామంది ఉన్నారు గనక మీకూ చెబుతున్నాను.

పేరు చెప్పి ముగించిన గొంతు

1902 నవంబరు. కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే తెల్లదొర మిషను పట్టుకుని దిగాడు. గౌహర్ జాన్ ఆ మిషను ముందు పాడారు. అంతదాకా గంటల తరబడి సాగే గానం రెండు మూడు నిమిషాల్లోకి కుదించుకోవలసి వచ్చింది. పాట ముగిశాక ఆమె ఇంగ్లీషులో తన పేరు ఎలుగెత్తి చెప్పేవారు. కారణం ఉంది. ఇక్కడ తీసిన మూల రికార్డు జర్మనీలో హనోవర్‌కి వెళ్ళేది. అక్కడ పళ్ళేలు అచ్చువేసే పనివాళ్ళకి మన భాష రాదు. ఎవరి పాట ఏదో తేల్చుకోవడానికి ఆ పేరే నిషానీ.

కంపెనీ తన సౌకర్యం కోసం చెప్పించిన పేరది. కానీ ఆ గొంతు ఎవరిదో ఈరోజుకీ మనకి తెలుస్తున్నదంటే ఆ ఒక్క ముక్క వల్లే. రికార్డు మాత్రం కంపెనీ సొత్తు. పాడినవాళ్ళకి ఉజ్రత్ ముట్టేది, రికార్డు మార్కెట్టుకి వెళ్ళిపోయేది. 1914లో వచ్చిన కాపీరైట్ కానూన్ కూడా విలాయత్‌లో 1911లో చేసినదానికి నకలే. నొటేషన్ కాగితం మీద రాసుకుని వాయించేవాళ్ళ దేశంలో పుట్టిన కానూన్ అది. ఉస్తాద్ ఎదుట కూర్చుని, విని, గుండెలో పెట్టుకునే మన పద్ధతి దాని లెక్కలో లేదు.

1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. హిందుస్తాన్ తెర మాట్లాడటం, పాడటం ఆ రోజే మొదలు. ఆ సినిమాలో ఫకీరు వేషం వేసిన వజీర్ మహమ్మద్ ఖాన్ పాడినదే మన సినిమాల తొలి పాటగా చరిత్రలో నిలిచింది. మరుసటి ఏడు 'భక్త ప్రహ్లాద'తో తెలుగు తెర కూడా గొంతు విప్పింది. ఆలం ఆరా ప్రింటు ఈరోజు ఎక్కడా దొరకదు. పాట పోయింది, పాడినవాడి పేరు మిగిలింది. మన పరిశ్రమలో సాధారణంగా జరిగేది దీనికి ఉల్టా. పాట మిగులుతుంది, పేరు పోతుంది.

సాహిర్ పట్టు, లతా రఫీల తగువు

సినిమా పాట వచ్చాక లెక్క మారింది. పాట ఒక్కచోట వినిపించి ఆగదు. హాల్లో, రేడియోలో, హోటల్లో, బారాత్‌లో మోగుతూనే ఉంటుంది. మోగిన ప్రతిసారీ ఎవరో ఒకరికి పైసలు వస్తాయి. ఆ ఎవరో ఎవరు?

ఈ సవాల్ గట్టిగా అడిగినవాళ్ళలో సాహిర్ లుధియాన్వీ ఒకరు. మాట లేకపోతే పాట లేదు, కాబట్టి షాయర్‌కి పేరూ దక్కాలి, రాయల్టీలో హిస్సా కూడా దక్కాలి అని ఆయన పట్టుపట్టారు. 1960ల మొదట్లో లతా మంగేష్కర్ గాయకుల తరఫున అదే అడిగారు. మహమ్మద్ రఫీ సాహబ్ ఒప్పుకోలేదు. పాడాం, పైసలు తీసుకున్నాం, ఇక ఆ పాట మీద మనకి దావా ఏముంటుందన్నది ఆయన నీయత్. ఆ మాటల మీద ఇద్దరూ కొన్నేళ్ళపాటు కలిసి పాడలేదు.

మా అబ్బాకి రఫీ అంటే ప్రాణం. రఫీ సాహబ్ మాటే సరైనదని వాదించేవారు. చిన్నప్పుడు నాకూ అలాగే అనిపించేది. ఆశ లేని మనిషి మాట ఎప్పుడూ అందంగానే ఉంటుంది. కానీ ఒక మనిషి వదులుకోవడం వేరు, అడగడానికి హక్కే లేకపోవడం వేరు. రఫీ సాహబ్‌ది దరియాదిలీ. ఆయన దరియాదిలీని కంపెనీలు అందరికీ ఖాయిదాగా మార్చుకున్నాయి.

1977 ఫైస్లా

స్వతంత్ర భారతంలో 1957లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చింది, 1958 జనవరి నుంచి అమలైంది. 1969లో పాటల రచయితలు, సంగీతకారుల తరఫున రాయల్టీ వసూలు చేయడానికి ఐపీఆర్ఎస్ అనే సంస్థ ఏర్పడింది. పాట నలుగురిలో మోగితే ఇంత రుసుము కట్టాలని రేట్లు ప్రకటించింది. నిర్మాతలు, హాళ్ళ యజమానులు ఎదురు తిరిగారు. ముకద్దమా కాపీరైట్ బోర్డు నుంచి కలకత్తా హైకోర్టుకి, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకి ఎక్కింది.

ఫైస్లా 1977 మార్చి 14న వచ్చింది. ఆలం ఆరా విడుదలైన తారీఖే, నలభై ఆరేళ్ళ తర్వాత. నిర్మాత పైసలిచ్చి తన సినిమా కోసం పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, ఆ పాటకి మొదటి మాలిక్ నిర్మాతే అని కోర్టు తేల్చింది.

అదే ఫైస్లా చివర జస్టిస్ కృష్ణయ్యర్ తన వంతు మాటలు కొన్ని కలిపారు. అవి చదివితే మనసు కలుక్కుమంటుంది. కానూన్ దృష్టిలో 'సంగీతం' అంటే కాగితం మీద రాసిన స్వరమే తప్ప గాయకుడి గొంతులోంచి వచ్చేది కాదు, ఇది మన దేశపు సంగీతానికి పొసగని పద్ధతి, దీని సంగతి పార్లమెంటు చూడాలి అని ఆయన భావం.

ఒక్కసారి ఆలోచించండి. కవ్వాల్ ఏం రాస్తాడు? మన షేక్ నాజర్ బుర్రకథలో గొంతుతో చేసిన జాదూని ఏ కాగితం మీద ఎక్కిస్తారు? పీర్ల చావిడి దగ్గర మొహర్రం రాత్రి పాడే ముసలాయన దగ్గర నొటేషన్ పుస్తకం ఉంటుందా? మన సంగీతం సీనా బ సీనా వచ్చింది. ఒక ఛాతీలోంచి ఇంకో ఛాతీలోకి. అప్పటి చట్టం ప్రకారం రాయని సంగీతం సంగీతమే కాదు. వాళ్ళందరూ ఆ లెక్కన ఖాళీ చేతులవాళ్ళే.

పార్లమెంటు కదలడానికి ఇంకా పదిహేడేళ్ళు పట్టింది. 1994 సవరణ సంగీతానికి కొత్త అర్థం చెప్పింది. కాగితం మీద ఉండాలన్న షర్త్ పోయింది. పాడేవాళ్ళకి, వాయించేవాళ్ళకి తమ ప్రదర్శన మీద ప్రత్యేక హక్కు మొదటిసారి వచ్చింది. అయితే సినిమాలో చేర్చుకోవడానికి ఒకసారి ఒప్పుకున్నాక ఆ హక్కు అక్కడితో ఆగిపోయేది.

2012లో మారింది ఏమిటి

2012 మే నెలలో పార్లమెంటు మరో సవరణ చేసింది. రాజ్యసభలో నామినేటెడ్ సభ్యుడిగా ఉన్న జావేద్ అఖ్తర్ దాని కోసం గట్టిగా మాట్లాడారు. ఆ ఏడు జూన్ 21 నుంచి అది అమలులోకి వచ్చింది. మన పిల్లలు కంఠతా పట్టవలసిన మాటలు ఇప్పుడు చట్టంలో ఉన్నాయి.

ఒకటి, సినిమాలో చేర్చిన పాట హాల్లో సినిమాతోపాటు కాకుండా ఇంకెక్కడ వాడినా, రాసినవాడికీ బాణీ కట్టినవాడికీ ఆ రాయల్టీలో సమాన హిస్సా ఉంటుంది. ఆ హిస్సాని వాళ్ళు కావాలన్నా వదులుకోలేరు. వదులుకుంటున్నానని రాసిచ్చినా ఆ రాత చెల్లదు. సినిమాతో పని లేని విడి పాటలకీ ఇలాంటి కాపుదలే ఉంది. ఆకలి మీద ఉన్నవాడి చేత ఎవరైనా ఎలాంటి సంతకమైనా పెట్టించగలరని చట్టం చేసినవాళ్ళు గ్రహించారు. అందుకే ఆ సంతకానికే విలువ లేకుండా చేశారు.

రెండు, ఇది 2012 కంటే ముందే చట్టంలో ఉన్న మాట, హక్కు రాసిచ్చే కాగితంలో ఏ పాట, ఏ హక్కు, ఎన్నేళ్ళు, ఏ ప్రాంతం, ఎంత పైకం అన్నది స్పష్టంగా ఉండాలి. ఏళ్ళ సంగతి రాయకపోతే ఐదేళ్ళే. ప్రాంతం రాయకపోతే హిందుస్తాన్ మాత్రమే.

మూడు, ఒప్పందం నాటికి లేని కొత్త మాధ్యమానికి, దాని పేరు అందులో ప్రత్యేకంగా చెప్పకపోతే, ఆ ఒప్పందం వర్తించదు.

పాడినవాళ్ళ హిస్సా గురించి కూడా అప్పుడే చట్టంలో మాట చేరింది. 2017లో జావేద్ అఖ్తర్ ఐపీఆర్ఎస్‌కి ఛైర్మన్ అయ్యారు. సాహిర్ అడిగిన సవాల్‌కి జవాబు రావడానికి సాహిర్ పోయాక మూడు దశాబ్దాలు దాటింది.

ఒక పాట, మూడు అమానత్‌లు

ఖిస్సా ఇక్కడ ఆపి మా భాంజాని అడిగాను. "బేటా, నీ పాటలో ఏమేమి ఉన్నాయి?"

"కలామ్ నాది. ధున్ దాదాది. రికార్డింగ్ నేనే చేశాను. ఢోలక్ దోస్త్‌ది."

అసలు సంగతి ఇదే. చెవికి పాట ఒక్కటే. కానూన్‌కి మాత్రం కలామ్ వేరు, ధున్ వేరు, రికార్డింగ్ వేరు. తెర మీద ఒక పాట వేయాలంటే కలామ్, ధున్ మాలిక్‌ల దగ్గర ఒక ఇజాజత్, రికార్డింగ్ మాలిక్ దగ్గర ఇంకో ఇజాజత్ కావాలి. పెద్ద కంపెనీల పాటలకి ఈ ఇద్దరూ వేర్వేరు చోట్ల ఉంటారు, బేరాలు నెలలు పడతాయి. సొంతంగా రాసి, సొంతంగా రికార్డు చేసుకున్న పిల్లల దగ్గర అన్నీ ఒకే గుమ్మంలో దొరుకుతాయి. సిరీస్ తీసేవాళ్ళు అలాంటివాళ్ళని వెతుక్కుంటూ వచ్చేది అందుకే. అది మన బలం. బలం ఉన్నవాడు బిచ్చం అడిగినట్టు మాట్లాడకూడదు.

కలామ్ పాతదైతే సంగతి వేరు. మన దగ్గర రాసినవాడు పోయాక అరవై ఏళ్ళదాకా హక్కు వారిస్‌లకి ఉంటుంది. 1325లో కన్నుమూసిన అమీర్ ఖుస్రో కలామ్‌ని ఎవరైనా పాడుకోవచ్చు. సాహిర్ 1980లో పోయారు, 2040 దాకా ఆయన కలామ్‌కి ఇజాజత్ కావాలి. ఎవరు కట్టారో తెలియకుండా తరాలుగా వస్తున్న పీర్ల పాట ధున్ ఊరందరిదీ. కానీ దాని మీద కొత్తగా రాసిన మాటలు రాసినవాడివి, కొత్తగా చేసిన రికార్డింగ్ చేసినవాడిది. ఖుస్రోని పాడొచ్చు గదా అని ఇంకొకరి రికార్డింగ్‌ని ఎత్తి సినిమాలో పెట్టుకోకూడదు. 2015లో 'బజ్రంగీ భాయీజాన్'లో ఒక కవ్వాలీ వినిపించినప్పుడు, అది తమ తండ్రి పాడి ప్రసిద్ధం చేసినదని, తమని అడగలేదని కరాచీ నుంచి అమ్జద్ సాబ్రీ అభ్యంతరం చెప్పారు. దర్గాల దగ్గర అందరిదీ అనిపించే పాట తెర మీదికి ఎక్కగానే 'ఎవరిది' అన్న ప్రశ్న తప్పదు.

ఢోలక్ దోస్త్ సంగతీ అంతే. వాయించినవాడికీ తన వాయింపు మీద హక్కు ఉంది. దోస్తీ పదికాలాలు నిలవాలంటే ముందే ఒక కాగితం రాసుకోవాలి. మనం నికాహ్‌నామాలో మెహర్ ఎంతో రాస్తాం. నమ్మకం లేక రాస్తామా? నమ్మకం చెడిపోకూడదని రాస్తాం.

కౌలు, అమ్మకం

దుల్హాభాయ్ ఫోన్ తీసుకున్నారు. "ఇదంతా నిజమే భాయ్. మరి ఇవ్వకూడదంటారా?"

"ఇవ్వాలి దుల్హాభాయ్. కానీ అమ్మకానికి కాదు, కౌలుకి. మీ పొలం మడి ఉన్నప్పుడు ఎవరైనా వచ్చి ఒక పంట వేసుకుంటాను, మొత్తం పట్టా నా పేరు మీద రాసివ్వమంటే ఇచ్చేవారా?"

ఆయన కాసేపు మాట్లాడలేదు. పొలం భాష ఆయనకి వెంటనే అర్థమైంది.

హక్కు, దస్తావేజు, కౌలు. తెలుగు రైతు నోట రోజూ ఆడే ఈ మాటలు మన జుబాన్ నుంచి వెళ్ళినవే. 'కౌలు' అన్నది 'ఖౌల్' నుంచి వచ్చింది. ఖౌల్ అంటే ఇచ్చిన మాట. 'కవ్వాలీ' కూడా అదే ఖౌల్ నుంచి పుట్టింది. పాడే మాటా, పొలానికి ఇచ్చే మాటా ఒకే తల్లి బిడ్డలన్నమాట. పాటని కౌలుకివ్వడం మనకి కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని కంపెనీకి జవాబు రాశాం. పాట ఈ సిరీస్‌లో, ఈ సీన్‌కీ దాని ప్రచార చిత్రాలకీ మాత్రమే. ఈ హక్కు వాళ్ళొక్కరికే కాదు, పాటని మేము ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చు. ఇన్నేళ్ళు, ఈ మాధ్యమాల్లో. పైకం ప్రసారానికి ముందే. రాసినవాడు, పాడినవాడు, ఢోలక్ వాయించినవాడు, ముగ్గురి పేర్లూ తెర మీద పడాలి. ఏ సీన్లో ఏ పాట ఎన్ని సెకన్లు మోగిందో రాసే జాబితా ఒకటుంటుంది, దాన్ని క్యూ షీట్ అంటారు. దాని నకలు మాకివ్వాలి. తర్వాత వచ్చే రాయల్టీ లెక్క తేలేది దాని మీదే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాను. మీ పాటని అందరికీ ఇప్పిస్తామంటూ ఆన్‌లైన్ లైబ్రరీలు చాలా వస్తాయి. వాటిలో కొన్ని పాటని తమ పేరున యూట్యూబ్‌లో నమోదు చేస్తాయి. అప్పుడు మన పాట మనం పెట్టుకున్నా మన మీదే ఫిర్యాదు వస్తుంది. కాబట్టి ఎవరికి ఏమిచ్చామో ఒక నోటుబుక్‌లో రాసుకోవాలి. ప్రతి రికార్డింగ్‌కీ ఐఎస్ఆర్‌సీ అనే పన్నెండు అక్షరాల గుర్తు ఉంటుంది, దాన్ని తీసుకోవాలి. రాసేవాళ్ళు, బాణీ కట్టేవాళ్ళు ఐపీఆర్ఎస్‌లో సభ్యులైతే మంచిది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, పాట పుట్టగానే హక్కు పుడుతుంది. కానీ రేపు కచేరీకి ఎక్కవలసి వస్తే రిజిస్ట్రేషన్ కాగితం గవాహీ ఇస్తుంది.

కంపెనీ మనిషి మొదట కోప్పడ్డాడు. "అందరూ చదవకుండానే పెడతారు, మీకేంటి?" అన్నాడు. నాలుగు రోజులు ఫోన్ లేదు. ఆ నాలుగు రోజులు దుల్హాభాయ్ నాతో సరిగ్గా మాట్లాడలేదు. బేరం చెడగొట్టానేమోనని నాకూ నిద్ర పట్టలేదు. ఐదో రోజు కొత్త కాగితం వచ్చింది. పైకం పెరగలేదు, అదే 20 వేలు. కానీ ఏడు పేజీలు మూడయ్యాయి. పాట మా వాడి దగ్గరే ఉంది.

ఎనిమిది నెలల తర్వాత ఒక డాక్యుమెంటరీ తీసే అమ్మాయి అదే పాట అడిగింది. ఈసారి వాడు నాకు ఫోన్ చేయలేదు. తనే మాట్లాడుకుని, కాగితం రాసుకుని, పని అయ్యాక చెప్పాడు. పైకప్పు రిపేరు కూడా అయిందట.

అహ్మద్ రుష్దీ పేరు మీలో పెద్దవాళ్ళకి గుర్తుండొచ్చు. 1934లో మన హైదరాబాద్‌లో పుట్టి కరాచీ వెళ్ళి పెద్ద గాయకుడయ్యారు. 1966లో 'అర్మాన్' సినిమా కోసం ఆయన పాడిన పాట 2022లో అమెరికా వాళ్ళ 'మిస్ మార్వెల్' సిరీస్‌లో మోగింది. ఆయన పోయి అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. పాట ఎప్పుడు, ఏ దేశంలో, ఏ తెర మీద మళ్ళీ లేస్తుందో ఎవరూ చెప్పలేరు. అందుకే 'ఎప్పటికీ' అన్న మాట మీద దస్తఖత్ చేసే ముందు ఆగాలి.

సిరీస్ వచ్చిన రాత్రి ఆపా ఇంట్లో అందరం కూర్చుని చూశాం. సీన్ నిమిషం కూడా లేదు. చివర పేర్లు గబగబా పైకి పోతుంటే మా వాడు ఆపి చూపించాడు. తన పేరు, ఢోలక్ దోస్త్ పేరు, వాటి కింద 'పీర్ల పాట బాణీ' అని దాదా పేరు. చట్టం ప్రకారం ఆ పేరు వేయనక్కరలేదు. వాడే అడిగి వేయించాడు. దుల్హాభాయ్ కళ్ళద్దాలు తుడుచుకుని, "ఇంకొకసారి వెనక్కి తిప్పు బేటా" అన్నారు.